మంచి నడవడి కాగితం

పోలీసు కాగితం తెమ్మన్నరు,
పన్నెండేండ్ల సంది శవాలను విమానమెక్కిస్తున్న నన్ను.

సంహిత తప్పేం లేదు. లక్షెట్టిపేట పిల్ల,
కమిటీల లెక్కలు రాస్తది, నన్ను చిన్నాయినా అంటది.
ముస్సఫాల ఎవడో, సచ్చినోని పెండ్లాం పేరు మీద
చందా జమచేసి ఫోను బందు పెట్టుకున్నడట.
అందుకే ఇగ అందరు తేవాలె ఆశన్న చిన్నాయినా,
నువ్వైనా, ప్రెసిడెంటైనా.
నిజమే గదా. ఆమె జాగల నేనుంటె నేను గూడ అడుగుదు.

మార్చురీల పండినోళ్లు మాత్రం ఎన్నడు అడుగలే.
వాళ్ల పెట్టె మీద ఊరి పేరు తెలుగుల రాసేది నేనే,
షార్జా ఎయిర్‌పోర్టుల ఎవలు చదవకపోయినా.
రాసెటోని మీద కేసులున్నయా అని
ఒక్కలు లేచి అడుగలే.

వేలు పెట్టుమన్నడు ఆఫీసుల పిల్లగాడు.
పందొమ్మిదేండ్ల ఏసీ గ్యాసు, రాగి పైపుల వెల్డింగు
నా బొటనవేలును గులకరాయి లెక్క నున్నగ జేసినయి.
మిషను గుర్తుపట్టలే.
తుడుచుకో అన్నడు. తుడిచిన. మళ్ల అన్నడు. మళ్ల పెట్టిన.
ఆఖరుకు చిటికెన వేలు సాక్ష్యం చెప్పింది
నేను నేనేనని.

వారం రోజులు నిద్ర లేదు.
ఒకప్పుడు కల్లివెల్లి అయినోన్ని నేను.
సజ్జాల మొదటి కంపెనీ, ఏడు నెలలు జీతం రాలే.
ఒకనాడు తెల్లారగట్ల టిఫిన్ డబ్బా పట్టుకొని
కంపెనీ బస్సు ఎక్కకుండ ఎడమదిక్కు నడిచిన.
అంతే. ఎడమదిక్కు నడుసుడే నా నేరం.
రెండేండ్లు నీడ ఉన్న దిక్కే తిరిగిన,
ఈ దేశంల నీడ ఎంతుంటదో మీరే లెక్కేసుకోండ్రి.
క్షమాభిక్ష పెట్టిన యేడు లైన్ల నిలబడి
మళ్ల పేరున్న మనిషినైన.

అదంత రాసుంటదనుకున్న.
కాగితం వచ్చింది. మీద అరబ్బీ, కింద ఇంగ్లీషు,
ఒక గుండ్రటి ముద్ర.
క్యాంపుల బీహారు పిల్లగాడు అటిటు తిప్పి చూసి
"కుఛ్ నహీ హై చాచా, సాఫ్" అన్నడు.

ఏం లేదట.

మరి తోకల భూమయ్యో?
నేను మోసిన రెండో శవం. తాపీ పని, మేడిపల్లి దిక్కు.
ఎండదెబ్బ అన్నరు, గుండె అని రాసిన్రు.
బట్టలు సంచిల సదురుతుంటె అంగీ జేబుల దొరికింది
పదిహేను దిర్హాంల ఫోన్ కార్డు, ఇంక గీకనిది.
ఎవలు చూడలే.
ఆనాడు నా బిడ్డ పరీక్షల ఫలితాలు.
బొటనవేలి గోరుతోని గీకిన.
బూడిదరంగు పొట్టు గోటి సందుల నిలిచింది.
"పాసైన నాయినా" అంటె కండ్లు తుడుచుకున్న.
భూమయ్య ఎవలకు చేద్దామనుకున్నడో,
ఏం చెప్దామనుకున్నడో గని
ఆయన తొమ్మిది నిమిషాలు నేను మాట్లాడిన.

ఎడమదిక్కు నడిచినందుకు రెండేండ్లు దాసుకున్న.
దీనికి ఒక్క గంట దాసుకోలే.
ఆ సాయంత్రమే అందరితోని కూసొని బువ్వ తిన్న.

కాగితం సంహితకిచ్చిన. ప్లాస్టిక్ కవర్ల పెట్టి
"నీది సాఫుంటదని నాకెరికే చిన్నాయినా" అని నవ్వింది.
చెప్దామని నోరు తెరిచిన.
లోపలి అర్రల ప్రింటరు చప్పుడు. ఎవలో ఛాయ్ తెచ్చిన్రు.
తాగి వచ్చిన.

శుక్రారం ఇంకొకలు. ధర్మపురి, ఇరవై ఆరేండ్లు.
జేబులు చూసే ముందు కుంజుమోన్‌ను పిలిచిన.
పాపం మలయాళీ, ఎందుకన్నట్టు చూసిండు.
ఊకె నిలబడు అన్న.
ఒక్కొక్కటి తీసి బల్ల మీద పెట్టిన, గట్టిగ చదువుకుంట:
తాళంచెవి. మడిచిన ఐదు దిర్హాంలు.
ఒక్క చెవి ఇయర్‌ఫోను, టేపు చుట్టింది. దువ్వెన.
కుంజుమోన్ ఏమనుకున్నడో,
వచ్చీరాని తెలుగుల నా ఎనుక ఎనుక అనవట్టిండు:
దువ్వెన.
దువ్వెన.