పసుపు తగ్గిన గుంత

తొంభై ఆరు గుంతల పళ్లెం.
ఒక్కోదాంట్లో చింతగింజంత నీళ్ళు కూడా పట్టవు.
ఉరవకొండ చేలన్నీ అందులోనే ఇమడాలి.

మా పరీక్షంతా తిరకాసు:
పసుపు చిక్కగా తేలితే కాయ మంచిది,
వెలవెలబోతే విషం.
వాన ఎగ్గొట్టిన ఆఖరి నెలలో
పగిలిన బుడ్డలోకి దూరే బూజుది.
బూజైతే కంటికి ఆనుతుంది, విషం ఆనదు.
నూరు కోట్ల పాళ్ళలో పదికి లోపలుంటే
నా పళ్లెం కూడా కళ్ళు మూసుకునేది.

ఎక్కువ పోస్తే ఎక్కువ కనపడుతుందనుకున్నా.
ఇంకో చుక్క యాంటీబాడీ, ఇంకాస్త ఎంజైము.
ఏమీ వెయ్యని గుంత కూడా
పెళ్ళికూతురిలా పసుపు పూసుకుని కూచుంది.

గాజుసామాను కడుగుతూ ఫకీరమ్మ
బుక్కరాయసముద్రంలో పెళ్ళి సంగతి చెప్తోంది:
"నూరు ఇస్తళ్ళు ఏసిరి మేడమ్.
పిలవనోళ్ళు ఇద్దరొచ్చి తినిపోయినా యెవురికి తెలుస్తాది?
ఐదే ఏసింటే తెలిసేది."

పిపెట్ చేతిలో అట్లే ఉండిపోయింది.

ఇక తగ్గించడమే పని.
యాంటీబాడీ నాలుగో వంతు. అడుగు పూత పల్చన.
ఖాళీ జాగాలకి పాలపొడి.
మూడు కడుగులు ఐదు చేశా.
గంట తొందర మాని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచా,
కరెంటు పోయినప్పుడల్లా వాచ్‌మన్‌కి ఫోను.
పద్దెనిమిది పళ్ళేలు పాడు.
పంతొమ్మిదోదాంట్లో ఖాళీ గుంత నీళ్ళలా నిలబడింది,
రెండు కూడా కనపడింది.
కేకేశాను. ఫకీరమ్మ అప్పటికే ఇంటికెళ్ళిపోయింది.

పోయిన నెల "లేదు" అని రాసిచ్చిన సంచి
మళ్ళీ చూశాను. ఆరు.
ఓడెక్కే కాయకి గీత నాలుగు.

పెన్నోబులేసు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.
"అదే సంచి, అదే కాయ. నెల్లో యాడ్నుంచొచ్చె?"
"అప్పుడూ ఉందన్నా. మాకు కనపల్లేదు."
"కనపడకనే ఉండనీకపోతివి."

అన్నాడే గానీ లేవలేదు.
ఒక బుడ్డ ఒలిచాడు. ఎర్రపొర గింజ, నిగనిగలాడుతోంది.
నోటిదాకా తీసుకుపోయి ఆగాడు.
"చెక్క ఆవుకి పెడతాండా.
పాలు నా మనవరాలు తాగుతాది.
పాలు గూడా సూస్తావా?"

పాలకి గీత అర దగ్గరుంది.
నా చూపు రెండు దగ్గరే ఆగుతుంది.

తెమ్మన్నాను.
ఫకీరమ్మా,
ఇంకెన్ని విస్తళ్ళు తీసెయ్యాలి?