మట్టి కప్పకూడని విత్తనం

ఫిబ్రవరి రెండో వారం. జాబ్జెలో
పొయ్యిల బొగ్గు పొగ, మంచు కలిసి
కిటికీకి బూడిదరంగు తెర కట్టాయి.
పై వాటాలో అలోయ్జీ
రొట్టె కోసే కత్తితో
పెరుగు డబ్బాల అడుగున చిల్లులు పొడుస్తున్నాడు.
ఏటా అదే కత్తి, అదే టకటక.
పొడిచాక అదే కేక, మెట్ల మీంచి:
"టెక్లా, ఓసారి రా. నీ కళ్ళతో పనుంది."

సెలెరీ దుంప విత్తనాలు
అరచేతిలో పోసుకుంటే పోసుకున్నట్టుండదు.
ఎవరో నశ్యం పీల్చి
మిగిలింది దులిపేసినట్టుంటుంది.
ఒక్క తుమ్ము చాలు,
అక్టోబరు పంటంతా పొయ్యి వెనక్కి పోతుంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
నాకది సరదా, ఆయనకది కష్టం.
ముప్పై ఒక్క ఏళ్ళు గనిలో మింగిన ధూళి
ఆ రొమ్ములో ఇంకా డ్యూటీ దిగలేదు.

అలవాటు కొద్దీ
పిడికెడు మట్టి తీసి పైన చల్లబోయాను.
చెయ్యి పట్టి ఆపాడు.
"ఉల్లికి కప్పు, లీకుకి కప్పు. దీనికొద్దు.
వెలుతురు తగలకపోతే ఇది లేవదు.
కప్పెట్టిన వాటి సంగతి నన్నడుగు."
తనే నవ్వాడు, నవ్వు దగ్గయింది,
దగ్గు ఆగేదాకా బల్ల అంచు పట్టుకున్నాడు.

పదో రోజుకి లీకులు లేచాయి,
నడుం వంచిన పచ్చ సూదుల్లా.
సెలెరీ డబ్బాలో తడి మట్టి,
మట్టి మీద వెలుతురు, అంతే.
పగలు కిటికీ గట్టు, రాత్రి పొయ్యి పక్క,
పసిపిల్లని పక్క మార్చినట్టు మార్చేవాడు.
పద్దెనిమిదో రోజున ఆస్పత్రి వాళ్ళ ఫోను:
ఊపిరితిత్తికి ఆపరేషను, జూన్ నాలుగున.
"జూన్‌లో కుదరదు," అన్నాడు.
"మే పదిహేను, చలి జోఫియా దాటాకే నాటేది.
నాటాక ఒకటే దాహం వాటికి.
నవంబరైతే చూద్దాం."
అవతల నర్సు కాసేపు మాట్లాడలేదు.
తర్వాత గొంతు తగ్గించి అడిగిందట:
"మీవి మొలిచాయా? మావి ఇంకా లేదండీ."

తేదీ మాత్రం మారలేదు.

ఇరవై రెండో రోజు పొద్దున్నే
చెప్పులైనా లేకుండా దిగొచ్చి నా తలుపు కొట్టాడు.
పరుగెత్తాను. ఏమీ కనబడలేదు.
"అలా కాదు, పక్కనించి చూడు."
తల వంచి, చెంప గట్టుకి ఆనించి చూస్తే
మట్టి మీద పచ్చటి అనుమానం.

జూన్ అంతా నీళ్ళు నేనే మోశాను,
రైలు పట్టాల పక్క తోట ముక్కకి
రెండేసి బకెట్లు, సాయంత్రం సాయంత్రం.
నిజం చెప్పాలి, మూడు సాయంత్రాలు వెళ్ళలేదు.
ఒకనాడు వాన వస్తుందనుకున్నాను.
రెండు రోజులు ఒట్టి బద్ధకం.
జూలైలో తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని,
ఆకు మడిచి చూసి అన్నాడు:
"మూడు రోజులు ఎండబెట్టావు."

అక్టోబరు. పార గుచ్చి ఎత్తితే
దుంప కాదది, గడ్డం గీసుకోని ముసలి మొహం.
తక్కెడలో ఆరువందల నలభై గ్రాములు.
"పోయినేడు ఎనిమిది వందలు," అన్నాడు,
నా వైపు చూడకుండా.
ఆకులు విరిచాం. చేతులకి అంటిన ఆ వాసన
రెండు రోజులు రొట్టెలో కూడా తగిలింది.

ఇప్పుడిక కప్పాలి వీటిని,
చలికాలమంతా నిలవాలంటే
నేలమాళిగలో తడి ఇసకలో,
పక్కపక్కన, ఒకదాన్నొకటి తాకకుండా.
పదకొండు మెట్లు. కింద బల్బు మాడిపోయి ఏడాది.
అలోయ్జీ మొదటి మెట్టు దగ్గర ఆగాడు.
చీకటి వైపు చూశాడు, పాత ఇంటి యజమానిని
దారిలో చూసినట్టు.
బుట్ట నా చేతికిచ్చి
జేబులోంచి టార్చి తీశాడు.
"నువ్వు దిగు. నేను పైనుంచి వెలుతురు పడతాను."