మైనస్ ఎనభైలో మంద

అత్తాపూర్‌లో మా ల్యాబుకి
ఈ వారం కూడా కొండమేకలు కొరియర్‌లో వచ్చాయి.
మేకలంటే మేకలు కాదు,
రాతి అంచున అవి వదిలేసి వెళ్లిన పెంటికలు,
జిప్పు సంచికి అయిదేసి.
తోడుగా నీలం సిలికా పలుకులు,
పొన్మణి చేతిరాతలో ఎత్తు, తేదీ,
ఓ మూల చిన్న అక్షరాల్లో
"మంచు. కనపడలేదు. వాసన మాత్రం."

అక్కడ వరయాడు అంటారట.
చరియ మీది మేక.
తెలుగులో దానికి పేరు లేదు,
మన గుట్టల మీద ఎప్పుడూ నిలబడలేదు మరి.
నేను చూసింది ఫొటోలోనే:
ముదురు గోధుమ ఒంటి మీద
ఇప్పుడే ఎవరో జీను దించినట్టు తెల్లటి మరక,
వెనక్కి వంగిన పొట్టి కొమ్ములు,
గిట్టల కింద పాతాళమున్నా
కంగారు తెలియని మొహం.

వాచ్‌మన్ మొగులయ్య ఓ సాయంత్రం
బల్ల దగ్గర ఆగిపోయాడు.
శంకర్‌పల్లి పక్కన నూట ఇరవై జీవాలు కాసిన మనిషి.
గ్లవుజు వేసుకోమంటే నవ్వి
రెండు వేళ్ల మధ్య తిప్పి చూశాడు.
"ఇది మన మ్యాక కాదు మేడం.
ముండ్లకంప ముట్టలే. ఒట్టి గడ్డి.
అదీ, తడి ఆరని జాగల గడ్డి.
ఈనేటి యాళ్లకు దగ్గరున్నది."

ఆడది అని చెప్పడానికి
నా యంత్రానికి రెండు రాత్రులు పట్టింది.
ఈనే సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

పొన్మణి ఫోన్లో అంటుంది:
చెట్లు లేవని జాలిపడి
ఎవరో ఎప్పుడో ఆ గడ్డికొండల్ని బంజరన్నారు.
పరదేశి తుమ్మ నాటారు, నీలగిరి నాటారు.
గడ్డి దుబ్బులు పొదుపుగా దాచిన వానని
చెట్లు నిలబడి తాగేశాయి.
పచ్చదనం పెరిగిందని లెక్క.
మేకకి మాత్రం
దూరం నుంచి పులిని చూసే వీలు పోయింది.

మొగులయ్యకి ఇదేం వింత కాదు.
"మా బీడు గూడ గట్లనే గద,
పోరంబోకు అని రాసిన్రు.
ఇప్పుడాడ గేటుంది.
గేటు మీద 'గ్రీన్ మెడోస్' అని ఉంది.
లోపల గడ్డి ప్లాస్టిక్‌ది."

మొన్న ఉరుముల వానలో
రాత్రి రెండుకి కరెంటు పోయింది.
ఫ్రీజరు అలారం, వెంటనే అతని ఫోను.
లంగర్‌హౌజ్ నుంచి స్కూటీ మీద
మోకాలి లోతు నీళ్లలో వచ్చేసరికి
జనరేటరు మోగుతోంది.
ఫ్రీజరు తలుపుకి వీపానించి
కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు,
దొడ్డి వాకిట్లో కూర్చున్నట్టు.
"తలుపు తియ్యలే, సల్ల పోతదని.
లెక్క సూసుకోండ్రి."

డెబ్బై రెండు గొట్టాలు.
నలభై మూడోది పగిలింది.
ఏదో అతను అడగలేదు.
నా మొహం చూసి
"ఈనిందో లేదో" అన్నాడు,
వాన వైపు తిరిగి.

పొన్మణికి రాశాను, ఆ అంచుకి మళ్లీ వెళ్లమని.
జవాబు రాలేదు. అక్కడ సిగ్నలుండదు.

ఈ ఉదయం కొరియర్ అబ్బాయి వస్తే
సంచిని చెవి దగ్గర ఊపి
రిజిస్టరులో 'వివరం' అన్న గడిలో
మొగులయ్య మెల్లగా, ఒత్తి రాశాడు:
జీవాలు, అయిదు.

నేను దిద్దలేదు.