సున్నా ఉండాల్సిన చోట

కాశీమేడులో పడవలు రెండున్నరకే ఒడ్డుకొస్తాయి.
మూడున్నరకి జయశీలి ఫోను:
"బండి పలకడం లేదు, గూడూరు తమ్ముడూ."

పలకడం లేదంటే ఏమిటో ముందు అడగాలి.
టక్కుమందా? గుర్రుమని ఆగిందా?
అసలు నోరే విప్పలేదా?
ఒక్కో మౌనానిది ఒక్కో జబ్బు.

"దీపాలన్నీ వెలిగాయి. ఇంజను మాత్రం ఊఁ అనదు.
తాళంచెవి బొమ్మొకటి ఎర్రగా ఆరి వెలుగుతోంది.
వారం నుంచీ ఇంతే, ఓ రోజు పలుకుతుంది,
ఓ రోజు అలుగుతుంది."

స్కూటరేసుకుని వెళ్లేసరికి
వేలం కేకలు రేవు దాటి వినిపిస్తున్నాయి.
వెనకసీటు మడిచి నాలుగు థర్మోకోల్ పెట్టెలు,
వంజరం, శంకరా, పెట్టెడు రొయ్యలు.
ఆరింటికల్లా అడయారు హోటల్లో దించాలి.
మంచుకి గడియారం చూడ్డం రాదు,
కరగడం ఒక్కటే వచ్చు.

అప్పటికే ఇద్దరు చూశారట.
ఒకడు కొత్త బ్యాటరీ అమ్మాడు.
రెండోవాడు పెదవి విరిచి
"మెదడు పోయిందక్కా, నలభై రెండు వేలు" అన్నాడు.
ఎంత సులువుగా అనేస్తారో ఆ మాట.

నేనూ స్కానర్ పెట్టాను. పదిహేడు కోడ్లు.
తాళంచెవి ఎవరిదో తెలీదంది.
గేరు ఎక్కడుందో తెలీదంది.
మూసిన తలుపుని తెరిచే ఉందంది.
పదిహేడుమంది సాక్షులు ఒక్కసారే తడబడితే
సాక్షుల్ని కాదురా,
వాళ్లు నిలబడ్డ నేలని అనుమానించు, అనేవాడు
మా పిచ్చాండి మేస్త్రి.

ఆయనకి స్కానర్ చదవడం రాదు.
వైరుకి సూది గుచ్చానని ఓసారి
నా మణికట్టు మీద స్పానరుతో కొట్టాడు.
"ఉప్పుగాలి ఊరిది. నువ్వు పెట్టిన బెజ్జంలోంచి
రేపు అది నీళ్లు తాగుతుంది."
ఇంకో మాట కూడా అనేవాడు, బీడీ వెలిగించుకుంటూ:
అందరూ కరెంటు వచ్చే దారే వెతుకుతారు,
వచ్చింది తిరిగి ఇంటికెళ్లే దారి
ఒక్కడూ చూడడు.

బ్యాటరీ పన్నెండు పాయింట్ ఆరు.
కొత్తది, పాపం, దాని తప్పేం లేదు.
ఫ్యూజుల తలలు ఒక్కొక్కటే తాకి చూశాను,
అందరూ బతికే ఉన్నారు.
అప్పుడు మీటరు నల్లకొస బ్యాటరీ మైనసుకి తగిలించి
ఎర్రకొసని స్టీరింగు కింద కంట్రోలు పెట్టె
ఎర్తు వైరుకి వెనకనుంచి ఆనించి
"తాళం తిప్పక్కా" అన్నాను.

సున్నా ఉండాల్సిన చోట
నాలుగు పాయింట్ ఒకటి.

గడప పట్టీ ఊడదీసి కార్పెట్ ఎత్తాను.
నాలుగేళ్లుగా పెట్టెల అడుగునుంచి కారిన మంచునీళ్లు,
పొలుసులు, ఎండి రేకైపోయిన ఒక నెత్తళ్ల చేప,
మధ్యలో పదో నంబరు బోల్టు,
దాని కింద నాలుగు నల్లవైర్లు కలిసి
పచ్చటి చిలుములో కూరుకుపోయి.

జయశీలి టార్చి పట్టుకుని చాలాసేపు చూసింది.
"ఇదా?"
"ఇదే."
"నలభై రెండు వేలు?"
"బోల్టు ఆరు రూపాయలు."

ఉప్పు చేసిన పనిని
ఉప్పుకాగితంతోనే దిద్దాలి.
తెల్లటి ఇనుము తేలేదాకా గీకాను.
గ్రీజు రాశాను, బిగించాను.
సున్నా పాయింట్ సున్నా రెండు.
తిప్పింది. పలికింది.

"ఇకమీద పెట్టెల కింద ట్రే వెయ్యక్కా."
నవ్వింది. "పద్దెనిమిదేళ్లు గంప నెత్తిన మోశాను,
ఆ నీళ్లన్నీ ఈ మెడమీదుగానే కారేవి.
దీనికీ ఓ బోల్టు చూడరాదూ!"
కవరునిండా రొయ్యలు హ్యాండిలుకి తగిలించి
వెళ్లిపోయింది. పాత బ్యాటరీ ఏదని
అడగడం మర్చిపోయాను.
వాడే పట్టుకుపోయుంటాడు, మంచిదాన్ని.

టీకొట్టు దగ్గర చూసుకుంటే
మీటరు ఆపలేదు.
సంచిలో రెండు కొసలూ
దేన్నీ తాకకుండానే
ఏవో చిన్న చిన్న అంకెలు లెక్కపెడుతున్నాయి.