ఆయనకు బస్సు పడదు

రేణిగుంట నుంచి వైజాగుకు
ఆకాశం దారిలో ఆరువందల కిలోమీటర్లంట.
డాక్టరు చెప్పినాడు, చేతి గడియారం విప్పి
నా స్టీరింగు పక్కన పెడతా:
విమానానికి గంటా అయిదు నిమిషాలు,
అక్కడ దిగినాక ఇంకో ఇరవై,
గుండె మంచులో ఓర్చుకునేది నాలుగు గంటలే.
అన్నీ పోను నీ వంతుకు పద్నాలుగు నిమిషాలు, దొరస్వామీ.

పద్నాలుగు నిమిషాల్లో నేనెప్పుడూ
లీలామహల్ సర్కిలే దాటింది లేదు.

పెట్టె చిన్నది.
పెండ్లికి ఐస్‌క్రీం తెచ్చే పెట్టె మాదిరి.
నీలం మూత, చుట్టూ తెల్ల ప్లాస్టరు,
పేరు లేదు, ఒక నంబరు, ఒక టైము.
లోపల చెంగల్రాయుడు.
పలమనేరు మార్కెట్లో టమేటా పెట్టెలు
లారీకెత్తే మనిషి,
మొగిలి ఘాట్లో బండి జారి
మూడు దినాలుగా కండ్లు తెరవని మనిషి.
అంతా కాదు, పిడికెడు.

తలుపేసే ముందు ఆయన పెండ్లాం వచ్చింది.
ఏడుస్తాదనుకున్నా. ఏడవలా.
"అన్నా, కుదుపుల్లేకండా తీసకపో.
ఆయనకు బస్సు పడదు.
తిరప్తికి బయల్దేరితే
చిత్తూరు దాటకముందే కడుపులో తిప్పతాది"
అని కొంగు ముడి విప్పి
ఒక నిమ్మకాయ నా చేతిలో పెట్టింది.
"వాసన చూపిస్తా ఉండు, సర్దుకుంటాడు."

ఏం చెప్పేది?
సరేమ్మా అన్నా.
వాచీ పక్కనే పెట్టుకున్నా.

ఆ పొద్దు తిరుపతి పక్కకు జరిగి నిలబడింది.
గుండ్ల మీద గంధం తడి ఆరనోళ్లు
జీపుల్లోంచి తొంగి చూసినారు.
పూలమ్మే ఆయన తన బండిని తానే కాలవలోకి దించేసినాడు.
హోంగార్డు పిల్ల ఒకతి, విజిల్ నోట్లో ఉండంగానే
దండం పెట్టింది, ఎవరికో తెలియకనే.
కరకంబాడి రోడ్డులో స్పీడ్‌బ్రేకర్లు పదకొండు.
ఇన్నేండ్లు తిరిగినా లెక్కబెట్టింది లేదు.
ఒక్కోదాని దగ్గరా
డాక్టరు వాచీకీ ఆయమ్మ మాటకూ నడుమ
నా కాలు తడబడింది.

పదమూడున్నర.
పెట్టె పోయింది, దాంతో వాచీ పోయింది.
రన్‌వే కొసన
తూనీగంత అయింది విమానం, ఆనక అదీ లేదు.
నేనొకసారి రైల్లో పోయినా వైజాగుకు,
ఒక రాత్రీ, ఇంకొంచెం పగలూ.
ఇప్పుడు గేటు బయట టీ తాగి గ్లాసు పెట్టేసరికి
ఆయన నెల్లూరు మీదికి చేరుంటాడు,
తిరుపతి దాటి ఎప్పుడూ ఏ ఊరూ చూడని మనిషి.

తిరిగొచ్చేటప్పుడు సైరను లేదు.
ఊరు మళ్లీ రోడ్డు మీదికొచ్చేసింది.
అదే దూరం, ఎంతసేపో.
స్పీడ్‌బ్రేకరు ఎక్కినప్పుడల్లా
అద్దం కింద నిమ్మకాయ
అటొకసారి, ఇటొకసారి.
పెట్టెతో పంపించేది మర్చేపోయినా.

సిగ్నల్ పడింది.
గోరుతో తొక్క గీకి
నేనే వాసన చూసినా.
గంటా అయిదు నిమిషాలు అయినాయో లేదో
చూసుకునేదానికి వాచీ లేదు.