దిగే దారి

ఆటోనగర్‌లో షట్టర్లన్నీ దిగాక
మా షెడ్డులో ట్యూబులైటొక్కటి గీపెడుతుంటుంది.
బల్ల మీద, ఏ దేశమూ చెయ్యని ట్యాంకు,
అసలుకి ముప్ఫై ఐదో వంతు.

చాసిస్ ఎప్పటిదో జర్మన్ కిట్టులో మిగిలింది.
చక్రాలు రష్యావి, తొమ్మిదే దొరికాయి,
పదోది మా ఆవిడ ఇన్సులిన్ సీసా మూత.
ఇంకైపోయిన రీఫిల్లు ఫిరంగయింది.
బుడమేరు ముంచిన ఫ్రిజ్జు తలుపు కోస్తే
కవచానికి పోను ఇంకా మిగిలింది.
ఒకప్పుడు ఎదురుపడి తగలబెట్టుకున్న జాతులు
చుక్క ఫెవిక్విక్‌కి సర్దుకున్నాయి.

మూడు వారాలు.
గుండు జారిపోయేలా పలకల వాలు
కోణమానినితో కొలిచి మరీ గీకాను.

ఎదురు షెడ్డు వెల్డరు మస్తాన్‌వలి
రెండు టీలు పట్టుకొచ్చి
రిపేరుకొచ్చిన లారీని చూసినట్టు
చుట్టూ తిరిగి చూశాడు.
ఎవరి మీద యుద్ధానికని అడగలేదు.
"పొగగొట్టం?"
వెనక చూపించాను.
"డ్రైవరు ఎటు దిగుతాడు?"

టీ మీద మీగడ కట్టింది.

అతని కుడిచేయి, మోచేతి దాకా,
చర్మం నున్నగా మెరుస్తుంది.
గన్నవరం దాటాక బోల్తాపడ్డ ఆయిల్ ట్యాంకరు.
చెయ్యి పెడితే క్లీనరొక్కడే అందాడు.
ఆ మాట మేమెప్పుడూ ఎత్తం.

రాత్రికి రాత్రి పైపలక ఊడబెరికాను.
బ్లేడుతో గోరంత తలుపు,
స్టేప్లరు పిన్నుతో బందు.
తెల్లారి చూపిస్తే
అగ్గిపుల్ల లోపలికీ బయటికీ ఆడించి
"పొట్టున్నోడికి కష్టమే" అన్నాడు.

ఇంకో అర మిల్లీమీటరు గీకుతున్నాను.