కాటా చీటీ

సరుకు: తుక్కు అని రాశాను.
పేరు రాసే గడి మా చీటీలో లేదు.

రాత్రి రెండున్నర. గాజువాక ఆటోనగర్.
సముద్రం మీంచి వచ్చిన తేమ
కాటా పలక మీద చెమటలా పట్టింది.
లారీ మీద గొలుసులేసి కట్టిన ఇంజను.
వాల్తేరు షెడ్డులో ఉండేలాంటి పెద్దది కాదు,
రెండడుగుల పట్టాల మీద తిరిగింది,
పెళ్లిళ్ల గాడిపొయ్యికి చక్రాలు పెట్టినట్టుంది.
పొగగొట్టం విరిచి పక్కన పడుకోబెట్టారు.
ఆ పక్కన ఒక ముసలాయన,
మోకాళ్లకి గడ్డం ఆనించుకుని.

"దిగాలి తాతా, మనుషులుంటే బరువు తప్పు చూపిస్తాది."
"నానేటి, మనిసినా?
ముప్పై సీజన్లు దీని కడుపుకాడే ఉన్నాను.
నానూ దీని సామానునే."

ఆడారి పోలయ్య.
శారదా నది అవతల మూతపడ్డ చక్కెర మిల్లు.
గేట్లు అమ్మారు, గంట అమ్మారు, గానుగలు అమ్మారు,
ఆఖర్న దీన్ని.

మిల్లులో దీన్ని కర్రావు అనేవాళ్లట.
పిప్పి మేసేది, కాలవ నీళ్లు తాగేది.
పుష్యమాసం మంచుకి పట్టాలు తడిసి
చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటే
ముందు నడుస్తూ ఇసక చల్లేవాడు,
కోళ్లకి నూకలు చల్లినట్టు.
వెనక పద్నాలుగు బళ్ల చెరకు.
మలుపు కాడ గుంటలు కాసుకుని ఉండి
తలో గడా లాక్కుని పరిగెత్తేవాళ్లు.
వాళ్ల మీదికి ఆవిరి వదలమని మేనేజరు ఆర్డరు.
వదిలేవాడు,
మలుపు తిరిగాక,
ఎవరూ లేని జనప చేను మీదికి.
"ఆర్డరు ఆర్డరే కదా బాబూ."

ఒక ఏడు పిప్పి నిప్పు ఎగిరి
సూరిశెట్టి వాళ్ల తోట అరెకరం అంటుకుంది.
జీతంలో ఎనిమిది రూపాయలు కోశారు.
ఆ రాత్రి ఊరంతా పాకం వాసన వేసిందట.
దానికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇంకో తెల్లవారుజామున
గొంతిన పైడమ్మ బిందెతో పట్టాల మధ్య నిలబడింది.
కూతురు కనింది. వానకి పొయ్యిలో కట్టె రాజుకోలేదు.
బండి ఆపి, పొట్ట కింద కుళాయి తిప్పి
పొగలు కక్కే నీళ్లు, నూనె వాసనతో, బిందెడు.
చల్లార్చి, ఆ నీళ్లే పోసిన పిల్లని
ఊళ్లో ఇప్పటికీ ఇంజనీరు అనే పిలుస్తారు.
ఇంజను నీరు.
అసలు పేరు చిలకమ్మ, పకోడీల బండి పెట్టుకుంది.
చెప్పి నవ్వాడు. ఒక్క పన్ను లేదు,
చెరకంతా తన నోటి ముందు నుంచే పోయినవాడికి.

డ్రైవరు హారను కొట్టాడు.
"నీళ్లు లేకుండా తూస్తన్నారు" అన్నాడు పోలయ్య నాతో,
ఫిర్యాదులా కాదు, తెలియనివాడికి చెప్పినట్టు.
"నీళ్లూ నిప్పూ లేని బరువు దీని బరువు కాదు."
మా రిజిస్టరులో అలాంటి గడి కూడా లేదు.
మొత్తం: పదిహేను వేల ఐదు వందల డెబ్భై.

తెల్లారింది. ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఆకాశం
ఎప్పట్లాగే కాస్త ముందుగా ఎర్రబడింది.
లారీ ఖాళీగా తిరిగొచ్చింది.
ఖాళీ బండి: తొమ్మిది వేల తొమ్మిది వందల ఇరవై.
పోలయ్య అందులో లేడు.
యార్డులో దింపిన చోటే కూర్చున్నాడట.
గ్యాసు కట్టరు కుర్రాడు టీ తాగడానికి వెళ్లాడట,
ఇంకా రాలేదట.

కాసేపటికి తుక్కు వ్యాపారి వచ్చాడు.
"ఎక్కినప్పుడు ముసలోడున్నాడు, దిగాక లేడు.
ఆడి బరువు నా ఇనుములో కలిసిపోయింది.
యాభై కిలోలు కొట్టేసి రాయి."
కిలో ఇరవై రెండు లెక్కన పదకొండు వందలు.
చీటీ చేతిలోనే ఉంది. పెన్నూ ఉంది.
కొట్టివేతలుంటే చీటీ చెల్లదన్నాను.
"రూలు రూలే కదా బాబూ."
ఆ మాట నాది కాదు.

అతను తిట్టుకుంటూ వెళ్లాక
పలక ఊడవబోతే లారీ నిలిచిన చోట
ఇసక, రెండు గుప్పెళ్లు ఉంటుందేమో,
సన్నది, ఏటి ఇసక.
లోపలికెళ్లి అంకెలు చూశాను.
సున్నా.
ఈ కాటా పది కిలోల లోపు చూడదు.